రాతి మనుషుల వరుసలో ఖాళీ

"నెత్తిన నాచు పెట్టాను, కాళ్ళకింద చప్టా రాళ్ళు సర్దాను. అయినా ఒరిగిపోతావేం? బతికున్నప్పుడూ ఇంతేగా. అవసరానికి నిలబడిందెప్పుడు నువ్వు?"

ఎవరో మొగుడూ పెళ్ళాల తగువులో మనకేం పని అని కొండవాలు కిందే ఆగిపోయాను. ఎంతసేపటికీ రెండో గొంతు వినిపించలేదు. పైకెక్కి చూస్తే అలూవక్ అత్త ఒక్కతే ఉంది. ఎదురుగా కూలిన రాళ్ళ కుప్ప.

చలికాలం ముందు దక్షిణానికి దిగే కారిబూ దుప్పుల మందల్ని బెదిరించి, వేటగాళ్ళు కాచుకునుండే చెరువు వైపు మళ్ళించడానికి మా పాతవాళ్ళు ఈ అలాస్కా లోయలో రాతి మనుషుల్ని నిలబెట్టారు. ఇప్పుడు మావాళ్ళంతా మోటారు బళ్ళమీద మందల వెంటపడుతున్నారు. అత్తకి బండి లేదు, పిల్లలూ లేరు. ఆ వరుసే ఆమెకి వేట, చుట్టాలూ ఆ రాళ్ళే. ఒక్కోదానికి పోయినవాళ్ళలో ఒకరి పేరు పెట్టుకుంది. కూలింది ఆమె మొగుడు, సిగ్వాన్ మామ.

అంతలో ఎగువన కొమ్ములు కనిపించాయి. ఆ ఖాళీలోంచి మంద జారిపోతే అత్తకి చలికాలమంతా మాంసం ఉండదు. మళ్ళీ పేర్చే వ్యవధి లేదు. ఆమె తుపాకి అందుకుని చెరువు వైపు నడవబోయి, నావైపు తిరిగింది.

"చదువు మానేసి తిరుగుతున్నావుగా, ఊరికే నిలబడ్డం నీకు చేతనైన పనే. మీ మామ చోట నిలబడరా. అవి వెళ్ళిపోయాక కూడా కాసేపు కదలకు. నేనింకా తిట్టాల్సింది మిగిలుంది. బదులు చెప్పకుండా విను."