సూరమ్మ కొవ్వొత్తి

దానయ్య మొండిఘటం. పరాయి దేశంలో, జురాంగ్ ఐలాండ్‌లో పరంజాలు కట్టే పని అతనిది. తన మనసుకి సరిపడకపోతే సూపర్‌వైజర్ వచ్చి చెప్పినా ఒక్క గొట్టం ఎత్తడు. అలాంటివాణ్ణి తల్లి సూరమ్మ చావు కుంగదీసింది. వేసవిలో ఆమె పోతే సెలవు దొరక్క, పిడికెడు మట్టి వేయడానికైనా వెళ్లలేకపోయాడు. ఇప్పుడు సమాధుల పండుగ వచ్చింది. గోదావరి జిల్లాలో సముద్రం ఒడ్డునున్న వాళ్ల ఊళ్లో ఆ సాయంత్రం సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మకిది మొదటి పండుగ. కొడుకు చేతి వెలుగు లేకుండా ఎలాగన్నదే అతని దిగులు.

పడమటి వైపు ఓ చిన్న దీవిలో తొలినాటి పాదిరీలు కట్టిన గుడి గోడలూ, కొన్ని పాత సమాధులూ ఉన్నాయని ఎవరో చెప్పారు. ఆటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడు ఇసుక మీద నడిచి వెళ్లొచ్చు. పోటు వస్తే ఆ దారి ఉండదు. పండుగ ఆదివారమే పడింది. ఆ రోజు తన గదిలోనే ఉండే హరికృష్ణను తోడు తీసుకుని బయలుదేరాడు. హరికృష్ణ ఆంజనేయుడి భక్తుడు. అయినా రమ్మంటే రాననలేదు.

దీవి అంచున దానయ్య చెప్పులు విప్పి, ఊళ్లో చర్చి గడప ముందు విడిచినట్టే, ఇసుక మీద జతగా పెట్టాడు. గుడికెళ్లే అలవాటు తనకీ ఉంది కాబట్టి హరికృష్ణా విప్పేశాడు.

సమాధుల మీద పేర్లు అరిగిపోయాయి. దానయ్య ఒక రాయి ఎంచుకుని, నాచు గీకి, సీసాలో నీళ్లతో కడిగి, కొవ్వొత్తి వెలిగించాడు. గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు, మళ్లీ ఆరిపోయింది. అతనికి ఏడుపొచ్చింది.

"పోటు వచ్చేత్తందన్నా, పోదాం పద" అన్నాడు హరికృష్ణ.

"నువ్వెళ్లరా. ఇది నిలబడకుండా నేను రాను."

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. హరికృష్ణ పక్కన కూర్చుని, వాళ్లింట్లో కార్తీక దీపానికి పట్టినట్టు రెండు అరచేతులూ అడ్డం పట్టాడు. మంట నిలిచింది. దానయ్య అమ్మ కోసం ప్రార్థించాడు. ఆ రాయి కింద దిక్కులేక పడి ఉన్న పేరు తెలియని మనిషి కోసం కూడా ఓ మాట కలిపాడు. ఇద్దరూ చుట్టూ రాళ్లు పేర్చి లేచారు.

తిరిగొచ్చేసరికి రెండు జతలూ సముద్రం పట్టుకుపోయింది. చెప్పులు ఎక్కడ విడవకూడదో సముద్రం ఒడ్డున పుట్టినవాడికే తట్టలేదు.

"మీ ప్రభువుకి చెప్పులు తక్కువయ్యాయా అన్నా" అన్నాడు హరికృష్ణ. మోకాళ్ల లోతు నీళ్లలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, నవ్వుకుంటూ దాటారు.

గదికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఊరి నుంచి భార్య కల్పన ఫోన్ చేసింది.

"పొద్దుటేల నించీ ఒకటే వానండి. అత్తమ్మ కాడ ఒక్క కొవ్వొత్తీ నిలవలేదండి" అని ఏడ్చింది.

గుల్లలు గీసుకున్న తన పాదాలకేసి చూసుకున్నాడు దానయ్య.

"ఏడవకే. ఇక్కడ నిలిచింది. చూసే వచ్చాను."