నేను దాచిన గొర్రెపిల్ల

ఏడేళ్లు ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉండింది. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడల్లా అది పైకి వచ్చేది. మింగేసేదాన్ని. ఇక మింగను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. మీకూ చెప్పడానికి అదే నాకు ధైర్యం.

నల్లగొండలో డిగ్రీ చదివాను. జర్నలిజం తీసుకున్నవాళ్లం మొదటి ఏడాది ఒక వీడియో, చివరి ఏడాది ఒక వీడియో తీయాలి. నా రెండు వీడియోలనూ మా సారు ఇప్పటికీ ఏటా కొత్త బ్యాచికి ఒకదాని వెంట ఒకటి వేసి చూపిస్తారు. మొదటిది చూసి పిల్లలు నవ్వుతారు. రెండోది అయ్యేసరికి గదిలో చప్పుడుండదు. "మనిషి ఎంత నేర్చుకోవచ్చో చూడండి" అంటారు సారు. ఆ రోజు నన్నూ పిలిపిస్తారు. తర్వాత నన్ను లేపి, ఎలా తీశావో చెప్పమంటారు. "ఓపిక పట్టాను" అంటాను. చప్పట్లు కొడతారు.

ఓపిక కాదు అది.

రెండు వీడియోలూ మా మేనత్త మల్లమ్మ మీదే. దేవరకొండ దగ్గర పల్లె. మామ పోయాక నలభై గొర్రెలను ఒక్కతే మేపుకొస్తోంది. మొదటిసారి ఫోను నిలువుగా పట్టుకుని, నడుస్తూ, ఊగుతూ తీశాను. గాలి బరబరమంటూ అత్త మాటలన్నీ తినేసింది. ఎండను ఆమె వెనక పెట్టుకున్నానేమో, మొహం మసిబొగ్గులా వచ్చింది. సారు చూసి, "గొర్రెలు కనిపించాయి. మనిషి కనిపించలేదు" అన్నారు. అంతే.

ఆ మాటతో నాకు పిచ్చి పట్టింది. మంచి పిచ్చి. ఫోనును కదలకుండా పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోవడం నేర్చుకున్నాను. మైకు మీద స్పాంజి ముక్క కట్టి చూస్తే గాలి మాయమైంది! గొర్రె గడ్డి కొరికే చప్పుడు చెవిలో విడిగా వినిపించిన రోజు బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పొద్దున ఏడింటి ఎండ పక్కనుంచి పడితే ముసలి చర్మం మీద ఒక్కొక్క గీతా ఎలా లేచి నిలబడుతుందో కనిపెట్టిన రోజు అన్నం తినడం మరిచిపోయాను. ఇంత ఆనందం చదువులో ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

చివరి ఏడాది ఎండాకాలం పది రోజులు అత్త వెంట తిరిగాను. షాట్లన్నీ బాగున్నాయి. కానీ అత్త మొహం తెరుచుకోలేదు. ఫోను ఎత్తగానే కొంగు సర్దుకునేది, ఫొటోకు నిలబడ్డట్టు బిగుసుకునేది. మనిషి మళ్లీ కనిపించడం లేదు. ఇంకొక్క రోజే మిగిలింది.

తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల ఒకటి ఉండేది ఆ మందలో. అత్త సీసాతో పాలు పట్టి బతికించింది. ఆమె ఎటు పోతే అటు కాళ్లకు అడ్డం పడుతూ నడిచేది. పొద్దు వాలే వేళ అత్త చెట్టు కింద కాసేపు నడుం వాల్చింది. నేను ఆ పిల్లను ఎత్తుకుపోయి, ఎవరూ వాడని మోటరు గదిలో కట్టేశాను. తలుపు లేదు దానికి. పావుగంటే కదా అనుకున్నాను. అనుకున్నానా? ఏమైనా అనుకునేంత తీరిక ఉందా నాకప్పుడు? తాడు ముడేస్తూ సంతోషంతో కూనిరాగం తీశాను. అది మాత్రం బాగా గుర్తుంది.

అత్త లేచింది. పిల్ల లేదు. పిలిచింది. మళ్లీ పిలిచింది. కంపలోకి పరుగెత్తింది. కొంగు జారిందని చూసుకోలేదు, నేనున్నానని చూసుకోలేదు. ఆ మొహం! రెండేళ్లు నేను వెతికిన మొహం. ఎండ సరిగ్గా పక్కనుంచి పడుతోంది, ఫోను ఇసుమంతైనా కదలడం లేదు. అత్త ఏడుస్తూ నా వైపు తిరిగింది.

"గా ఫోను బంద్ చెయ్ బిడ్డా, జర నువ్వు గూడ ఎతుకు. కుక్కలు తిరుగుతున్నయ్."

"ఒక్క నిమిషం అత్తా" అన్నాను.

ఆ ఒక్క నిమిషం ఎంతసేపు సాగిందో రికార్డింగు చూస్తే తెలిసింది. పంతొమ్మిది నిమిషాలు. ఆ తర్వాత మోటరు గదికి పరుగెత్తాను. తాడు ఉంది. పిల్ల లేదు. గడప దగ్గర నెత్తుటి చుక్కలు. కాలితో మట్టి కప్పాను. ఎందుకు కప్పాను? అది పొరపాటని చెప్పుకోవడానికి కూడా వీలు లేకుండా చేసింది ఆ ఒక్క పనే.

తాడు సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చేసరికి అత్త, పక్క చేన్లో మేకలు కాసే సైదులు మీద అరుస్తోంది. ఇద్దరూ ఎన్నో ఏళ్లుగా ఒకే చెట్టు కింద సద్ది విప్పుకున్నవాళ్లు. "నువ్వు గాకపోతే ఎవ్వరు పట్టుకపోతరు?" అంది అత్త. సైదులు నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పమన్నట్టు. నేను తల వంచుకుని ఫోనులో చార్జింగ్ ఎంతుందో చూసుకున్నాను.

కాలేజీ ల్యాబులో ఎడిటింగుకు కూర్చున్నప్పుడు అత్త మాటనూ నా మాటనూ కత్తిరించాను. ఎంత శుభ్రంగా కత్తిరించానంటే, అతుకు వేసిన చోటు మా సారు కూడా పట్టుకోలేదు. మొదటి వీడియోలో గాలినే తీయలేకపోయినదాన్ని, రెండో దాంట్లో మనిషి సాయమడిగిన గొంతును తీసేశాను. నేర్చుకోవడమంటే అదీ. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం కూడా నేను సంతోషంగానే ఉన్నాను. ఫస్టు ప్రైజు వచ్చినప్పుడు ఎగిరి గంతేశాను.

సైదులుకు ఊళ్లో దొంగ అని పేరు పడింది. అతను ఆ చెట్టు కిందకు రావడం మానేశాడు. అతని బిడ్డ పెళ్లికి అత్త పోలేదు.

ఈ ఏడాది సారు పిలిస్తే మళ్లీ వెళ్లాను. వీడియోలయ్యాక వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "అక్కా, ఆ గొర్రెపిల్ల దొరికిందా?" అని అడిగింది. ఏడేళ్లలో ఒక్కరూ అడగలేదు ఆ మాట! అందరూ లైటు గురించి, లెన్సు గురించి అడిగారు. "లేదు" అన్నాను. అన్నాక నోరు ఆగలేదు. మోటరు గది, తాడు, నెత్తురు, కత్తిరించిన మాట, అన్నీ అక్కడే చెప్పేశాను. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. చప్పట్లు లేవు.

అక్కడినుంచి నేరుగా దేవరకొండ బస్సెక్కాను. అత్త గొర్రెలను దొడ్లోకి తోలుతోంది. చెప్పాను. చివరిదాకా విన్నది. గొర్రెలన్నీ లోపలికి పోయాక గడియ బిగించింది.

"సైదులుకు చెప్పినవా?"

"లేదు అత్తా."

"మరి నాకెందుకు ముందుగాల చెప్తున్నవ్? పో."

నా వెంట రాలేదు. నీళ్లు కూడా తాగమనలేదు.

సైదులు తన వాకిట్లో మేకలకు తుమ్మ కొమ్మలు కొడుతున్నాడు. "కాకా, ఆ పిల్లను దాచింది నేను. నువ్వు కాదు" అన్నాను. గొడ్డలి ఆగలేదు. విన్నాడో లేదో అని, ఈసారి గట్టిగా, లోపలున్న అతని భార్యకు, గోడవతలి వాళ్లకు కూడా వినపడేలా మళ్లీ చెప్పాను. పక్కింటి తలుపు తెరుచుకుంది. ఎవరో బయటికి వచ్చారు. మొదటినుంచి మూడోసారి చెప్పాను. గొంతులో ఏమీ అడ్డం పడలేదు.

సైదులు తల ఎత్తలేదు. కొమ్మలు కొడుతూనే ఉన్నాడు.