మాస్టారి పుస్తకంలో మా నాన్న

మొన్న రాజమండ్రి నుంచి మా పాత కాలేజీ వారు ఫోన్ చేసి, కీర్తిశేషులైన మా హిస్టరీ మాస్టారి చిత్రపటం ఆవిష్కరిస్తున్నామని, శిష్యురాలిగా నాలుగు మాటలు మాట్లాడాలని అడిగారు. రాలేనని చెప్పేశాను గానీ, ఆ రోజంతా మనసు మనసులో లేదు.

అమెరికా విప్లవకాలం గురించి మాస్టారు పాఠం చెబుతుంటే గంట కొట్టినా ఎవరం లేచేవాళ్లం కాదు. మనుషులంతా సమానులని రాసిన పెద్దమనిషి ఇంట్లో వంట చేసిన బానిసలెవరు, వాళ్లని ఆ దేశం అంత తేలిగ్గా ఎలా మరిచిపోయిందని ఆయన అడిగితే, పాలేరు కూతురినైన నాకు ఒళ్లు జలదరించేది. ద్రాక్షారామం దగ్గర మాదీ మాస్టారిదీ ఒకటే ఊరు. మా నాన్న చిన్నప్పటి నుంచీ పాలేరుతనం చేసింది వాళ్లింట్లోనే. అయినా, కాదు, అందుకే కాబోలు, ఆ బానిసల జ్ఞాపకాల మీద పరిశోధనకు ఆయన దగ్గరే చేరాను.

ఆ రోజుల్లోనే మాస్టారు మా ఊరి చరిత్ర రాయడం మొదలుపెట్టి, ముసలివాళ్ల జ్ఞాపకాలు సేకరించే పని నాకు అప్పగించారు. మీ నాన్నతోనే మొదలుపెట్టమన్నారు. నాకెన్నడూ చెప్పని సంగతులు నాన్న మాస్టారి ఎదుటే కూర్చుని చెప్పాడు. జ్వరమొచ్చి ఒక పూట పనికి రాలేదని వాళ్ల పశువుల పాకలో తనను గుంజకు కట్టేసిన సంగతి చెబుతుంటే మాస్టారి కళ్లు చెమర్చాయి. ఆ తడిని నేను నమ్మాను.

పుస్తకం విడుదలకు నాన్న ఉతికిన పంచె కట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చదువు రాదు కనుక తన మాటలెక్కడున్నాయో చదివి వినిపించమన్నాడు. ఎంత వెతికినా దొరికింది ఒక్క వాక్యమే: పాలేళ్లను ఇంట్లో మనుషుల్లా చూసుకునేవారు.

“ఇంట్లో మనిషినైతే గుంజకెందుకు కట్టారో అడగమ్మా,” అన్నాడు నాన్న.

జనం వెళ్లిపోయాక అడిగాను. మాస్టారు నావైపు చూడకుండానే, “నువ్వు చదివేది అమెరికా అమ్మా. ఇది మనూరు. రేపు మళ్లీ మొహాలు చూసుకోవాలి కదా,” అన్నారు.

తర్వాత వేరే గైడు దగ్గర, ఆలస్యంగానైనా, పరిశోధన పూర్తిచేశాను. పోయేదాకా నాన్న ఆ పుస్తకం ఊసెత్తలేదు.

ఇప్పుడు ఆ పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. పాలేరంటే ఏంటండీ అని నేను పాఠం చెప్పే పిల్లలు అడిగే కాలం వచ్చింది. ఓపిగ్గానే చెబుతాను. కానీ క్లాసులో మాస్టారి గొంతు విని, చెప్పిందల్లా నమ్మేసి, ఆ నమ్మకంతో రాత్రిళ్లు మేలుకుని చదువుకున్న ఆ పడుచుపిల్ల మాత్రం మళ్లీ నాలో కనబడలేదు.