శబ్దం ఎక్కడ ఆగింది

ఫ్రీమాంట్ నుంచి రైల్లో నా పక్కన కూర్చున్న అమ్మాయి పేరు నేను అడగలేదు. మర్నాడు మా తెలుగు చర్చిలో ఒకావిడ సంస్మరణ ప్రార్థన. వీసా రాక విజయవాడలోనే ఉండిపోయిన ఆమె చెల్లెలు వీడియోలో మాట్లాడాలి. సౌండు, వీడియో చూసే పని నా మీద పడింది. క్రితం ఆదివారం మైకు మూగబోతే అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు.

ఫోన్లో మా ఆయనతో "నాకు భయంగా ఉంది, నా వల్ల కాదు" అనడం ఆ అమ్మాయి వింది.

"ఆంటీ, నేను స్టేజ్ క్రూలో వర్క్ చేస్తా" అంది, అమెరికా యాసతో. నా చెయ్యి తీసుకుని వేలి కొస నుంచి మోచేతి దాకా గీత గీసింది. "ఇక్కడ మైక్. దెన్ కేబుల్, మిక్సర్, స్పీకర్. సౌండ్ ఇలా వెళ్తుంది. ఫస్ట్ నుంచి చెక్ చేయండి. ఎక్కడ ఆగిందో అక్కడే ప్రాబ్లమ్."

"నీకు భయం వేయదా?"

"ప్రతి షోకీ."

మర్నాడు తెరమీద చెల్లెలి పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. తలలు నా వైపు తిరిగాయి. ఆ అమ్మాయి చెప్పినట్టే, మాట వచ్చే లాప్‌టాప్ దగ్గర మొదలుపెట్టాను. ఇయర్‌ఫోన్ పెట్టి వింటే అక్కడ ఆమె గొంతు ఉంది. మిక్సర్ మీద సౌండు అందితే వెలిగే లైటు మాత్రం వెలగడం లేదు. రెంటికీ మధ్య కేబుల్ సగం ఊడి ఉంది. గట్టిగా నొక్కాను.

"అక్కా" అన్న పిలుపు హాలంతా వినిపించింది.