పసుపు లాంపు వెలిగిన బండి

మా ఆఫీసు డ్రైవర్ అంకుల్ పోయిన సోమవారం కన్నుమూశారు. పొద్దున ప్రార్థన చేసుకుని కుర్చీలో కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయారని మా అటెండర్ వచ్చి చెప్పాడు. వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకు చెప్పాల్సిన ఒక మాట రెండేళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది. కనీసం మీకైనా చెబుదామని ఇది రాస్తున్నాను.

పల్లెల్లోని దవాఖానాలకు మందులు పంపే చిన్న సంస్థ మాది. ఆఫీసు అబిడ్స్‌లో. ఎవరో విదేశీ దాతలు మాకొక డీజిల్ పికప్ ఇచ్చారు. దాని సైలెన్సర్ దారిలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటుంది. అది నిండితే స్టీరింగ్ ముందు పసుపు లాంపు వెలుగుతుంది. అప్పుడు బండిని ఎక్కడా ఆపకుండా అరగంట ఒకే వేగంతో తోలితే, ఆ వేడికి మసి కాలిపోయి లాంపు ఆరిపోతుంది. అబిడ్స్ నుంచి నాంపల్లికి, అక్కణ్ణుంచి లక్డీకాపూల్‌కి పాకే బండికి అంత వేడి ఎక్కడిది? అప్పట్లో మాకు తెలిసిన మెకానిక్కులెవరూ అలాంటి బండిని చూసి ఉండలేదు. అంకుల్ మాత్రం బండితో వచ్చిన పుస్తకాన్ని తమ చర్చిలో ఒక టీచరమ్మ చేత చదివించుకుని, బైబిల్ వాక్యాల్లా కంఠతా పట్టారు.

లాంపు వెలిగిందంటే చాలు, ఆయన మెహిదీపట్నం దాటి శంషాబాద్ రోడ్డు ఎక్కేసేవారు. ఆఫీసు బండిలో షికార్లు కొడుతున్నాడని మా మేనేజర్‌గారి అనుమానం. వెంట వెళ్ళి కనిపెట్టమని నన్ను పంపారు. నాది అప్పటికి టెంపరరీ ఉద్యోగం. పర్మనెంట్ చేస్తారో ఇంటికి పంపుతారో ఆ నెలాఖరుకు తేలాలి. మా ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అందుకని నోట్‌బుక్ చంకన పెట్టుకుని, పెద్ద గూఢచారిలా బండెక్కాను.

తీరా కనిపెట్టిందేమిటంటే, ఆ మధ్యాహ్నాలు ఎంత మెత్తగా ఉంటాయో. ఊరు దాటాక ఇంజను చప్పుడు ఒకే శ్రుతిలో పడేది. రోడ్డు పక్క బండరాళ్ళు ఎండలో తేలుతున్నట్టు వెనక్కి జరిగిపోయేవి. కాసేపటికి కాలిన ఇనుము వాసన సన్నగా వచ్చేది. అంకుల్ అద్దం కొంచెం దించి, పెదవి కదపకుండా ఏదో కీర్తన కూనిరాగం తీసేవారు. నాకు నిద్రా మెలకువా కాని మత్తు కమ్మేది. ఇంటి కిరాయి, అమ్మ మందులు, మేనేజర్‌గారి కనుబొమ్మలు, అన్నీ ఎక్కడో వెనకే ఉండిపోయేవి. ఎక్కడికి పోతున్నామని ఒకసారి అడిగాను.

"ఏడికీ లేదు బిడ్డా. బండే పోతున్నది, మనం కూసున్నం," అన్నారు.

లాంపు ఆరగానే బండి ఓ పక్కకు ఆపి, తెల్ల రుమాలు సైలెన్సర్ మూతి దగ్గర పట్టి నాకు చూపించేవారు. మచ్చ ఉండేది కాదు. మసి ఎవరికైనా పడుతుందిగానీ దాన్ని పక్కోడి మీదికి ఊదొద్దని ఆయన తరచూ అనేవారు. ఇవి షికార్లు కావని, లాంపు ఆర్పడానికేనని నేను నోట్‌బుక్‌లో రాశాను. మేనేజర్‌గారు సగమే నమ్మారు.

ఆ నెల చివరివారంలో తీరిక దొరక్క లాంపు మూడు రోజులు వెలుగుతూనే ఉండింది. నాలుగో రోజు ఎలాగో రోడ్డెక్కాం. మసి సగం కాలిందో లేదో, నాంపల్లి స్టేషన్లో దాతల మనుషులు దిగుతున్నారు, వెంటనే రమ్మని ఆఫీసు నుంచి ఫోన్. ఇంకో పది నిమిషాలు ఇలాగే తోలి పోదామని అంకుల్ బతిమాలినట్టే అడిగారు. నేను ఒప్పుకోలేదు. స్టేషన్ ముందు ఆయన ఇంజను నడుస్తుండగానే సామాను కోసం దిగుతూ, "ఆపకు బిడ్డా, ఇంక కాలుతున్నది. వీళ్ళను దింపి మళ్ల పోదం," అని మరీ చెప్పారు.

వచ్చినవాళ్ళు ఆ కాలిన వాసనకు ముక్కులు మూసుకున్నారు. ఒకావిడ నా వైపు విసుగ్గా చూసింది. ఈమె వెళ్ళి మేనేజర్‌తో ఏం చెబుతుందోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజను ఆపేశాను. అంకుల్ నెత్తిన పెట్టెతో అక్కడే నిలబడి చూశారు.

మర్నాడు ఎర్ర లాంపు వెలిగింది. బండి సైకిలు కంటే నెమ్మదిగా నడిచి, తర్వాత అదీ మానేసింది. కొత్త ఫిల్టర్ పైదేశం నుంచి రావాలన్నారు. సగంలో ఇంజను ఆపిందెవరని విచారణ జరిగింది. నేను అక్కడే ఉన్నాను.

"నేనే ఆపిన సార్," అన్నారు అంకుల్.

ఆయన్ను స్టీరింగ్ దగ్గర్నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ముప్ఫై ఏళ్ళు బండి తోలిన మనిషి. ఆ వారమే నాకు పర్మనెంట్ ఆర్డర్ వచ్చింది. మొజంజాహీ మార్కెట్ నుంచి స్వీట్లు తెచ్చి అందరితోపాటు ఆయనకూ ఇచ్చాను. రెండు చేతులతో తీసుకున్నారు. అప్పటినుంచి రోజూ పొద్దున గేటు తీస్తూ తిన్నావా అని అడిగేవారు. నేను ఊఁ అని తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఇంత పిరికిదాన్నని నాకు అంతకుముందు తెలియదు.

సమాధి అయిన మూడో రోజు చాదర్‌ఘాట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆంటీ ఒక్కరే ఉన్నారు. తాళం తిప్పింది నేనని చెప్పేశాను. చెబుతూ ఆవిడ మొహం వైపు చూడలేకపోయాను.

"ఆ దినమే చెప్పిండు బిడ్డా," అన్నారు ఆవిడ. "పిల్ల భయపడి ఆపింది, ఈ నెలనే దాని నౌకరి తేలాలె, నాదేముంది అన్నడు. నువ్వు రోజు తల వంచుకొని పోతున్నవనే ఆయన ఫికరంత."

నేనక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఆపమనలేదు. ఏడుపు తీరాక లేచి వెళ్ళి, దండెం మీంచి, ఉతికి ఆరేసిన గేటు డ్యూటీ నీలం చొక్కా తీసి మడత పెట్టారు.

"ఖాకీ బట్టలు తొడిగి పంపినం. డ్రైవరు గదా. ఇది మీ ఆఫీసుది, తీస్కపో."

బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాలరు దగ్గర ఇంకా తడి ఉంది. నాంపల్లి వచ్చేసరికి నా చీర కూడా అంతమేర తడిసింది.