పెద్దమ్మ కూడబెట్టిన వేలిముద్రలు

"గుడాల అవ్వ పాణం గిప్పుడే పోయింది సారూ." మొన్న సోమవారం పొద్దున, మొదటి షిఫ్టుకు దిగబోతున్న కార్మికుడొకడు నా హాజరు బల్ల ముందు నిలబడి ఈ మాట చెప్పాడు. నేను అతని పేరుకెదురుగా గుర్తు పెట్టి తర్వాతి మనిషిని పిలిచాను. చేతికి అలవాటైన పని మనసుతో సంబంధం లేకుండానే నడిచిపోతుంది.

బెల్లంపల్లి బొగ్గు బాయి గేటు ముందు ఉడకబెట్టిన శనగ గుడాలు ఏళ్ళ తరబడి అమ్మిన ఆమెను నేను పెద్దమ్మ అనేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు. కంపెనీ క్వార్టర్లలో మా రెండిళ్ళకూ గోడ ఒక్కటే. నాకు జ్వరమొస్తే ఆ గోడ మీద కొట్టి, "ఉన్నవా, సచ్చినవా? గంజి కాసిన, రా" అనేది. గుడాలు కొలిచి పోశాక ఇంకో పిడికెడు వేసేది. "నష్టం కదా పెద్దమ్మా" అంటే, "బాయిల దిగెటోని కడుపు కొలిచి నింపొద్దు కొడుకా" అనేది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు పటాలంలో చేరి బర్మా యుద్ధానికి పోయాడు. మనిషి రాలేదు, కాగితం వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి రోజుల్లో కరీంనగర్ నుంచి శాంతి ప్రచారం చేసేవాళ్ళు ఇద్దరు మా దగ్గరికి వచ్చారు. అణుబాంబులు వద్దనీ, మన దేశం ఏ యుద్ధానికీ ఒప్పుకోవద్దనీ జనం సంతకాలు చేసి మన పార్లమెంటు సభ్యునికి ఇస్తే, ఆయన ఢిల్లీలో అడుగుతాడని చెప్పారు. మేమంతా తలలూపి ఇళ్ళకు పోయాం. పెద్దమ్మ ఒక్కతే కాగితాలు అడిగి తీసుకుంది. "కాగితం మీద రాసే నా కొడుకును తీస్కపోయిండ్రు. మనం గూడ కాగితం మీద రాసి ఇంకోని కొడుకును ఆపుదాం" అంది.

షిఫ్టు దిగి పైకొచ్చినవాళ్ళను గేటు దగ్గరే ఆపేది. నేను పేరు రాస్తే దాని పక్కన వాళ్ళు వేలు అద్దేవాళ్ళు. సిరా అక్కర్లేదు, వేళ్ళకున్న బొగ్గే చాలు. "తుపాకి మీదికి పోకముందే నీ వేలు గీడ పెట్టు బిడ్డా" అనేది. "ఢిల్లీ ముచ్చట మనకెందుకవ్వా?" అన్నవాడికి మర్నాడు గుడాలు పోయలేదు. "ముద్ర ఏసినంకనే రా, పో" అని తరిమింది. వాడు నవ్వుతూ వచ్చి ముద్ర వేశాడు. మూడు నెలలు అలా తిరిగింది.

పార్లమెంటు సభ్యుడు మంచిర్యాలకు వస్తున్నాడని తెలిసిన రోజు కాగితాలన్నీ నా చేతికిచ్చి, "జర సక్కగ కుట్టు కొడుకా" అంది. వాటిని చూస్తే నాకు సిగ్గేసింది. మసి, చెమట, గుడాల నూనె. పెద్దవాళ్ళ చేతికి ఇలాంటివి ఇస్తారా? నా దస్తూరి మీద నాకు పొగరు కూడా ఎక్కువే. పేర్లన్నీ తెల్లకాగితాల మీద ముత్యాల్లా తిరగరాశాను. ముద్రల దగ్గర ఆగాను. అంతమందిని మళ్ళీ ఎవరు పిలుస్తారు? ఆఫీసులోని ఊదా సిరా తెచ్చి, ప్రతి పేరు పక్కనా నా బొటనవేలే అద్దాను. పాత కాగితాలు పొయ్యిలో పెట్టాను. ఇదంతా ఆమెకు మేలు చేస్తున్నాననుకునే చేశాను.

మంచిర్యాల డాక్ బంగ్లాలో ఆ సభ్యుడు మా ఇద్దరినీ మర్యాదగానే కూర్చోబెట్టాడు. కాగితాలు తిప్పాడు. మళ్ళీ మొదటికొచ్చి తిప్పాడు. "అవ్వా, గివన్నీ ఒక్కని వేలే. గివి పట్టుకొని నేను ఢిల్లీల లేస్తే నవ్వరా?" అన్నాడు.

నా వేలికి ఊదారంగు ఇంకా పోలేదు. చెయ్యి జేబులో పెట్టుకున్నాను. పెద్దమ్మ కాగితాలు తీసుకుని, చదువు రాని మనిషి, ఒక్కొక్కటీ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత "తప్పయింది సారూ. నాదే తప్పు" అని లేచింది. రైల్లో నన్ను ఒక్క మాటా అడగలేదు.

ఊళ్ళో మాత్రం సంగతి పాకిపోయింది. ముసలిది దొంగ ముద్రలు వేసిందన్నారు. "మరి మేమేసిన ముద్రలేమైనయవ్వా?" అని నిలదీశారు. ఆమె గుడాలు కొలుస్తూనే ఉంది. మొన్నటి పాకిస్తాన్ యుద్ధమప్పుడు మళ్ళీ కాగితం పట్టుకుని గేటు ముందు నిలబడితే, ఒక్కడూ వేలు చాపలేదు. నేను హాజరు గది కిటికీలోంచి చూశాను. చూసి, పని చేసుకున్నాను. ఆ ఒక్క సంగతికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

పోయిన నెల ఆమె మంచం పట్టాక, పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ఆ కాగితాలు..." అన్నాను.

"ఎరుకనే. నా వేలు నాకెరుక లేదా? కొడవలి కోసిన గీత ఉంటది. ఎంత దేవులాడినా గా కాగితాలల్ల దొర్కలే."

"మరి ఆ రోజే చెప్పకపోయినవ్?"

"దొంగముద్రల గుమస్తా అంటే నీ నౌకరీ ఉంటుండెనా?" అంది. కాసేపు దమ్ము తీసుకుని, "నాకు చెప్పినవ్, మంచిగనే ఉన్నది. గా బాయోళ్ళకు చెప్పు కొడుకా. ఆళ్ళ ముద్రలు ఆళ్ళే ఏసిండ్రని చెప్పు" అంది.

చెప్తానన్నాను. చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. ఆ ముద్రలు వేసినవాళ్ళలో ఇది చదవగలిగినవాళ్ళు దాదాపు లేరు. ఆ సంగతీ నాకు తెలుసు.

సోమవారం సాయంత్రం షిఫ్టు దిగినవాళ్ళంతా ఒళ్ళు కడుక్కోకుండానే ఆమెకు మట్టి వేయడానికి వచ్చారు. గుంత పక్కన నిలబడ్డ ముసలి కార్మికుడొకడు, "మంచి మనిషి. గా ముద్రల కాడ్నే జర తప్పు చేసింది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపి, తర్వాత మట్టి వేయాల్సిన మనిషికి దారి ఇచ్చారు. కొడుకు లేని ఆమెకు ఆ మనిషిని నేనే. మూడు పిడికిళ్ళ మట్టి వేసి, పక్కకు జరిగాను.