రెండు పూతల నడుమ

మా బావ పోయాడన్న కబురు ఆదివారం పూట వచ్చింది. ఆదివారం ఆయన నాకు ఫోను చేసే రోజు. పొద్దున్నే మొహం కడుక్కుని వీధి చివర ఫోనున్న కొట్టు బల్ల మీద కూర్చోవడం కొన్నేళ్ళుగా నాకు అలవాటు. మోగితే కొట్టాయన తీసి నా చేతికే ఇచ్చేవాడు. ఆ రోజు అవతలి గొంతు బావది కాదు. ఎవరో ఆడమనిషి. బావ పనిచేసే టాంజానియా దేశపు మనిషి. గబగబా ఏదో చెప్పి చివర్న "పోలే, పోలే" అంది.

ఆమె చెప్పినదాంట్లో నాకు తెలిసింది ఆ ఒక్క మాటే. ఎవరికి ఏ కష్టం వచ్చినా అక్కడివాళ్ళు ఆ మాట అంటారని బావ చెప్పాడు. కాలికి రాయి తగిలినా అంటారు, ఇంట్లో మనిషి పోయినా అంటారు. కాలికి రాయే తగిలి ఉంటుందిలే అనుకున్నాను. ఈలోగా అక్కడి జీడిపప్పు ఫ్యాక్టరీలో బావతో పాటు పనిచేసే పలాస మనిషి ఒకతను ఫోను అందుకుని తెలుగులో చెప్పాడు. వారం నుంచి జ్వరమట. రాత్రి తలకెక్కిందట. తెల్లారేసరికి లేడు.

నేను సరే అన్నాను. బల్ల మీదే కూర్చుండిపోయాను. కొట్టాయన టీ తెచ్చి పక్కన పెట్టాడు.

నేను బావ భార్యకు తమ్ముణ్ణి. వరసకు ఆయన బావ, నేను బావమరిది. వయసులో పెద్ద తేడా లేనందువల్ల ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళం. మాది సోంపేట దగ్గర ఉద్దానం పల్లె. నాకు కొద్దిగా జీడితోట, నాలుగు కొబ్బరిచెట్లు. ఆయన పొద్దున్నే కంచిలి వెళ్ళి రైలెక్కి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోయేవాడు. జీడిపిక్కలు కాల్చే దగ్గర మేస్త్రి. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు పెళ్ళి ఊసు వచ్చినట్టే వచ్చి పోయింది. అక్క ఉన్నన్నాళ్ళూ వాళ్ళింటి అన్నమే నా అన్నం.

జీడిరసం అంటుకుంటే చర్మం పొక్కి నల్లబడుతుంది. బావ ఎంత బూడిద పులుముకున్నా, ఎంత నూనె రాసుకున్నా అరచేతులు నల్లగానే ఉండేవి. ఎవరింటికైనా వెళితే చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చునేవాడు. పెళ్ళిళ్ళలో అక్షింతలు వేయడానికి కూడా వెనక వరసలోనే నిలబడేవాడు. అక్క నవ్వేది. ఆ చేతులతోనే కదా నాకు తాళి కట్టినావు, అప్పుడు లేని సిగ్గు ఇప్పుడేటి అనేది.

మన పంట అయిపోయాక పలాసకు పై దేశాల పిక్కలు వస్తాయి. విశాఖలో ఓడ దిగి లారీల్లో వస్తాయి. ఆ సంచులు విదిలిస్తే ఎర్రమట్టి రాలేది. బావ ఆ మట్టిని కాగితంలో పొట్లం కట్టి ఓసారి నాకు చూపించడానికి ఇంటికి తెచ్చాడు. వేళ్ళతో నలిపి, అచ్చం మన మెట్ట మట్టే అన్నాడు. అప్పటికి ఆ దేశం ఎటుందో మా ఇద్దరికీ తెలియదు.

తొంభైతొమ్మిదిలో, జీడిపూత కాలంలో అక్క పోయింది. కిడ్నీలు పాడయ్యాయన్నారు. మా పల్లెల్లో అది కొత్త సంగతి కాదు. కొందరు నీళ్ళంటారు, కొందరు ఎండలో పనంటారు. ఏదీ తేలలేదు. టెక్కలి, శ్రీకాకుళం, విశాఖ, ఆమెను తిప్పని చోటు లేదు. ఆమె పోయిన తరువాత బావ మా ఊరి బావి నీళ్ళు ముట్టలేదు. పలాస నుంచి డబ్బాతో తెచ్చుకునేవాడు. అదే ఏడు తుఫాను వచ్చి తోటలు పడుకున్నాయి. నా చెట్లు సగం పోయాయి. ఆయన పని కూడా అంతంతమాత్రం అయింది.

ఆ సమయంలోనే ఫ్యాక్టరీ షావుకారు, పిక్కలు కొనే టాంజానియాలోనే ఇంకొకరితో కలిసి ఫ్యాక్టరీ పెట్టాడు. కాల్పు నేర్పడానికి మనిషి కావాలన్నాడు. బావ వెళతానన్నాడు. ఊళ్ళో అందరికీ అది వింతగా తోచింది. కొట్టు దగ్గర ఒకాయన ఎకసెక్కం చేశాడు.

"అందరూ డబ్బున్న దేశం సూసుకుని ఎల్తారు. నువ్వేటి మావా, మనకన్నా పేదోల్ల దేశం ఎతుక్కున్నావు?"

"డబ్బున్న దేశంలో నాను గేటు కాడ నిలబడ్డానికి పనికొత్తాను. అక్కడైతే మేత్తిరిని" అన్నాడు బావ.

మూడేళ్ళకు సెలవు మీద వచ్చాడు. మా వసారాలో కూర్చుని వారం రోజులు అక్కడి సంగతులే చెప్పాడు. నేను విన్నాను. మా ఇద్దరిలో మాటలాయనవి, వినడం నాది. సముద్రం పక్కనే ఊరట. మన బారువ తీరంలో లాగే సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడట. కొబ్బరి ఉంది, జీడి ఉంది, పనస కూడా ఉంది. ఇక్కడ ఒక పూట కూరకయ్యేదానితో అక్కడ రెండు రోజులు మంచి చేప తినొచ్చట. రెండు గదుల ఇల్లు, పెరడు, ఇక్కడ గొడ్లసావిడికి ఇచ్చేంత అద్దెకు వస్తుందట. నీళ్ళు తియ్యగా ఉంటాయట. ఆ మాట అన్నప్పుడు మాత్రం తల దించుకున్నాడు.

మంచి ఒకటే చెప్పే మనిషి కాదాయన. పై దేశపు వాడి పేరు మీద సెంటు భూమి రాదన్నాడు. ఉండటానికి కాగితం గడువు తీరిన ప్రతిసారీ షావుకారు దయ మీద ఆధారపడాలన్నాడు. కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. జ్వరం ఇంట్లో మనిషిలా వస్తూ పోతూ ఉంటుంది. బజారులో బావను చూసి, ఇండియా వాడు కాబట్టి ధనవంతుడే అనుకుని, ధర ఎక్కువ చెబుతారట. అది చెప్పి చాలాసేపు నవ్వాడు.

"నా బతుకులో నన్ను సూసి రేటు పెంచినోడు వాడే బావా. కోపం రానేదు, సరికదా, ఒకపాలి అడిగినంతా ఇచ్చీసినాను."

తెలుగు మాట్లాడే మనిషి దొరక్కపోవడం అన్నిటికన్నా కష్టం అన్నాడు. అప్పటికింకా ఆ పలాస మనిషి వెళ్ళలేదు. సాయంత్రం పూట పెరట్లో మేకతో తెలుగులో మాట్లాడేవాడట. మేక కూడా అక్కడి భాషదేనట, తిరిగి చూసేది కాదట.

వెళ్ళే ముందురోజు అడిగాడు. నీకిక్కడ ఎవరున్నారు, తోట కౌలుకిచ్చి వచ్చీ, ఇద్దరం ఒక పొయ్యి మీద వండుకుందాం అన్నాడు. నేను సమాధానం చెప్పలేదు. మరుసటి నెల విశాఖ వెళ్ళి పాస్‌పోర్టుకి పెట్టాను. అదే నా సమాధానం. ఆ సంగతి ఆదివారం ఫోనులో చెప్పాను.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా వాళ్ళకు తిథులు గుర్తుండవు. ఫలానా ఆయన పనసకాయ దిగినప్పుడు పోయాడు, ఫలానా ఆమె పూతలో పోయింది అనుకుంటాం. ఆ కాలం రాగానే ఆకేసి పెట్టుకుంటాం. అక్కకు మా తోటలో జీడిచెట్టు కిందే పెట్టేవాళ్ళం. పూత వాసన ఆమెకు ఇష్టం. వెళ్ళిన మొదటి ఏడు బావ అక్కడ కూడా అలాగే చేశాడట. చెట్లు పూయగానే అన్నం వండి, చేప కూర చేసి, ఆకు వేశాడట. పెట్టేశాక నాకు ఫోనులో చెప్పాడు. ఇక్కడ చూస్తే వర్షాలు, ఆషాఢం. మన జీడి పూయడానికి ఇంకా ఎన్నో నెలలుంది.

ఇదేం పూత బావా అన్నాను. ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆ దేశంలో కాలం తిరగబడి ఉంటుందట. మనకు వానలప్పుడు వాళ్ళకు పూత. నెలల పేర్లు ఆయనకు తెలుసు, ఫ్యాక్టరీలో క్యాలెండరుంది. కానీ పూత కనబడేసరికి అక్కే గుర్తొచ్చింది, నెల గుర్తు రాలేదు. కంగారు పడ్డాడు. మీ అక్క వచ్చుంటాదా, వేళ తప్పి పిలిచీనాను కదా అని పదేపదే అడిగాడు.

"కాకి ముట్టిందా?" అన్నాను.

"ముట్టింది. ఇక్కడి కాకికి మెడ చుట్టూ, రొమ్ము మీద తెలుపు ఉంటాది బావా. తెల్ల తువ్వాలు ఏసుకున్న పెద్దమనిషిలాగ. అది మన ముద్ద ముట్టదేమో అని గోడ కాడే నిలబడ్డాను. ముట్టింది."

అయితే వచ్చింది అన్నాను. ఆ తరువాత ఏటా రెండుసార్లు పెట్టేవాడు. అక్కడి పూతకు ఒకసారి, ఇక్కడ పూత వచ్చిందని నేను చెప్పాక ఇంకోసారి. అలా నాకు ఒక పని దొరికింది. మార్గశిరం దాటగానే రోజూ తోటకు వెళ్ళి కొమ్మలు చూసేవాణ్ణి. మొదటి గుత్తి కనబడగానే, ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది.

పాస్‌పోర్టు చేతికొచ్చాక వెళ్ళడానికి అన్నీ సిద్ధం చేసుకుంటున్నాను. కాళ్ళ వాపు వచ్చి సోంపేటలో రక్తం పరీక్ష చేయించుకుంటే, అక్కకు మొదట్లో చెప్పినట్టే నాకూ చెప్పారు. ఇంకా భయం లేదు, మందులు వాడాలి, తరచూ చూపించుకోవాలి అన్నారు. బావకు చెప్పాలా వద్దా అని రెండు ఆదివారాలు ఊరుకున్నాను. మూడో ఆదివారం చెప్పాను.

"నువ్వు రాకు బావా" అన్నాడు.

తనే రమ్మన్న మనిషి.

"ఇక్కడ బతకడం సవకే. జబ్బు పడ్డం సవక కాదు. మీ అక్కని ఎన్ని ఊల్లు తిప్పినామో నీకు తెల్దా? ఇక్కడ తిప్పడానికి ఊరు కూడా నేదు."

"మరి నువ్వు?" అన్నాను.

"నానే వచ్చెత్తాను. ఇక్కడ పూత దిగాక, అక్కడ పూత రాకముందు. ఈపాలి మీ అక్కకి మన తోటలోనే ఎట్టుకుందాం. నువ్వు బియ్యం కడుగు, నాను చేప కూర సేత్తాను."

ఆ రోజు నుంచి నేను ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. గోడలకు సున్నం వేయించాను. రెండో మంచానికి నవారు కొత్తది అల్లించాను. బావ బావి నీళ్ళు తాగడని సోంపేట నుంచి నీళ్ళ డబ్బాలు తెచ్చే ఆటో అతనికి, ఫలానా నెల నుంచి మా ఇంటి ముందు కూడా ఆగు అని చెప్పి ఉంచాను. కొట్టు దగ్గర నాతో ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా, మీ బావ ఎప్పుడొత్తాడు అని అడిగేవాళ్ళు. జవాబు చెప్పడం నాకు బాగుండేది.

అక్కడ పూత నిండుగా ఉండగానే పోయాడు.

అక్కడే దహనం చేశారు. తీసుకురావడం అయ్యే పని కాదన్నారు, నేను కూడా అడగలేదు. ఆ పలాస మనిషి మొన్న సెలవుకు వచ్చి మా ఇంటికి వచ్చాడు. బావ తువ్వాలు, కళ్ళజోడు, పిక్కలు కలిపే గరిట ఇచ్చాడు. పప్పు ఒలిచే ఆడవాళ్ళంతా ఆ రోజు పని మాని వచ్చారట. పెరట్లో చాపల మీద కూర్చుని సాయంత్రం దాకా మెల్లగా పాడుతూనే ఉన్నారట. నాకు ఫోనులో పోలే అని చెప్పింది వాళ్ళలో ఒకామె. ఆయన దగ్గర కాల్పు నేర్చుకుని, ఇప్పుడు ఆయన స్థానంలో నిలబడిందట. ఆమె చేతులు కూడా నల్లగా ఉన్నాయా అని అడగాలనిపించింది.

ఇన్నాళ్ళూ అక్కడ బావ ఒంటరివాడనుకున్నాను, కాదు. ఆయన తాగిన తియ్యటి నీళ్ళూ, ఆయనకు రేటు పెంచిన బజారూ, ఆ పాటా ఆయనవే. ఇక్కడ నా వైపు చూస్తే కొత్త నవారు మంచం ఒకటి ఖాళీగా ఉంది. ఆటో అతను తెలియక ఒకరోజు ఇంటి ముందు ఆగి హారను కొట్టాడు. డబ్బా దింపించుకున్నాను. ఇప్పుడు ఆ నీళ్ళు నేనే తాగుతున్నాను.

బావ పోయిన పదో రోజు నేను ఒక్కడినే తోటకు వెళ్ళాను. వాన వెలిసింది. చెట్ల మీద ఆకు తప్ప ఏమీ లేదు, పూత ఊసే లేదు. బావ ఏ పూతలో పోయాడని చెప్పుకోవాలో నాకు తోచలేదు. బియ్యం నేనే కడిగాను, చేప కూర కూడా నేనే చేశాను. అక్క ఆకు పక్కన ఆయనకు ఇంకో ఆకు వేశాను. తోట గట్టు మీద ముద్ద పెట్టి దూరంగా నిలబడ్డాను.

చాలాసేపటికి ఒక కాకి వచ్చి గట్టు మీద వాలింది. ముద్ద ముట్టకముందు తల తిప్పి నా వైపు చూసింది. దాని మెడలో తెల్ల తువ్వాలుందేమోనని నేను రెండడుగులు ముందుకు వేశాను.